ఆ గ్యాస్ స్టేషన్ అమ్మకి, ఆ తర్వాత మిగతా అందరికీ

నిన్న మధ్యాహ్నం వర్జీనియా కోర్టులో నా కేసు తేలిపోయింది. రెక్‌లెస్ డ్రైవింగ్ (ప్రమాదకరంగా నడపడం) అన్న అభియోగం తీసేసి ఇంప్రాపర్ డ్రైవింగ్ (సరిగ్గా నడపకపోవడం) కింద మార్చారు. అంటే క్రిమినల్ నేరం కాదు, ట్రాఫిక్ తప్పు మాత్రమే. జరిమానా కట్టి, కాగితాలు తీసుకుని, రాత్రి పదకొండింటికి న్యూజెర్సీలో ఇల్లు చేరాను. కళ్ళు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

ముందుగా ఐ-95 హైవే మీద, టికెట్ పడిన చోటికి దగ్గరి ఎగ్జిట్‌లో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర ఉండే ఆ అమ్మకి. పేరు రాయొద్దన్నారు, రాయను. ఊరు పల్నాడు వైపు. ఆ రోజు నా చేతిలోని పసుపుపచ్చ కాగితం చూసి, నీళ్ళ బాటిల్‌కి చిల్లర ఇస్తూనే తెలుగులో అడిగారు.

"టికెట్టా నాయనా? ఏదీ, ఇటియ్యి. ఎంత రాశాడు?"

"గంటకి 88 మైళ్ళు ఆంటీ. 70 జోన్‌లో. ఫైన్ ఆన్‌లైన్‌లో కట్టేద్దామని చూస్తున్నా."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీద సెక్షన్ నంబరు దగ్గర వేలు పెట్టారు. "46.2-862. ఇది ఫైన్ కట్టి మర్చిపోయేది కాదయ్యా. కోర్టుకి రావాల్సిందే. ఇది క్రిమినల్ కేసు."

ఆ ఒక్క మాట ఆ పూట ఎవరూ చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు బాగా తెలుసు. చాలామందికి జరిగేది అదే. ఇది కూడా మామూలు స్పీడింగ్ టికెట్ అనుకుంటారు, కోర్టు తేదీ మర్చిపోతారు, ఇంకో రాష్ట్రంలో ఉన్నాం కదా వాళ్ళేం చేస్తారు అనుకుంటారు. రాకపోతే వాళ్ళు లేకుండానే కేసు నడిపి శిక్ష వేయొచ్చు, హాజరు కానందుకు వారెంటు కూడా రావచ్చు. ఆవిడ వాళ్ళబ్బాయికి కొన్నేళ్ళ కిందట అదే జరిగిందట. చెప్పేవాళ్ళు లేక జరిగిందని అన్నారు, అంతకు మించి మాట్లాడలేదు. కౌంటర్ దగ్గర ఇలాంటి కాగితాలు చదవడం అందుకే నేర్చుకున్నారు.

వర్జీనియా చట్టం తెలియనివాళ్ళ కోసం ఇది చెప్పాలి. పరిమితి కంటే 20 మైళ్ళు ఎక్కువ వెళ్ళినా, పరిమితి ఎంతున్నా సరే 85 దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగే. 2020 జులైకి ముందు ఆ గీత 80 దగ్గర ఉండేది. 70 జోన్‌లో 86 వెళ్తే, పైన 16 మైళ్ళే అయినా, క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే చిన్న క్రిమినల్ నేరాల్లో అన్నిటికంటే పై తరగతి. 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా డ్రైవింగ్ హక్కు సస్పెన్షన్ వేసే అధికారం జడ్జికి ఉంది. శిక్ష పడితే వర్జీనియా డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సుల శాఖ) రికార్డులో 6 తప్పు పాయింట్లు పడతాయి, ఆ శిక్ష 11 ఏళ్ళు రికార్డులో ఉంటుంది. టికెట్ మీద సంతకం పెట్టినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి వస్తానని మాట ఇచ్చినట్టు. మామూలు స్పీడింగ్ టికెట్ అయితే ముందే డబ్బు కట్టొచ్చు, కానీ కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఆవిడ ఆ రోజు చెప్పినవి లాయరు తర్వాత చెప్పినవాటితో ఒక్కటీ తేడా రాలేదు. కారు ఇప్పుడు ఎలా ఉందో అలాగే స్పీడోమీటరు పరీక్ష చేయించు, టైర్లు ముట్టుకోకు. న్యూజెర్సీ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించుకో. 8 గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాసు కోర్టు తేదీకి ముందే పూర్తి చెయ్యి, అయితే ఆన్‌లైన్ క్లాసు ఈ కోర్టులో చెల్లుతుందో లేదో ముందు కనుక్కో. ఈ కోర్టుకి తరచూ వచ్చే లాయరునే పెట్టుకో, న్యూజెర్సీ లాయరు ఇక్కడ పనికిరాడు. ఇంతా చెప్పి, అప్పుడు టైము 3:40, "ఆ పరీక్ష చేసే టైర్ల షాపు అయిదింటికి మూసేస్తారు, ముందు నువ్వు వెళ్ళు" అని ఆ షాపుకి తనే ఫోన్ చేశారు.

ఆ షాపులో తేలినదే కేసుకి ప్రాణం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కర్‌లో టైరు సైజు 205/55ఆర్16. చక్రాలకి ఉన్నవి 215/60ఆర్16. పాత ఓనరు మార్చినట్టున్నారు. మొదటిదాని వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు, రెండోదానిది 664. అయిదు శాతం పెద్దది. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు అయిదు శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. రోలర్ల మీద పెట్టి చూస్తే స్పీడోమీటరు 84 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం 88. అంటే డ్రైవరు కంటికి కనిపించింది 85 లోపే.

వర్జీనియాలో స్పీడోమీటరు పరీక్ష ఫలితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలని చట్టంలోనే ఉంది. కానీ అది ప్రమాణం చేసి ఇచ్చిన రిపోర్టు అయి ఉండాలి. ఉత్త రసీదు చాలదు. పరీక్ష చేసిన మనిషి నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. రిపోర్టులో కారు విన్ నంబరు (ఆ ఒక్క కారుకే ఉండే గుర్తింపు నంబరు), తేదీ, ఒక్కొక్క వేగం దగ్గర మీటరు చూపిందెంత, అసలుదెంత అన్నది వరుసగా ఉండాలి. విన్ నంబరులో ఒక్క అంకె తప్పు పడినా ఆ కాగితం మీ కారుది కాదంటారు. అక్కడే నిలబడి సరిచూసుకోండి. ఇంకో సంగతి, మీటరు సరిగ్గా ఉందనో, ఎక్కువే చూపిస్తోందనో తేలితే ఆ రిపోర్టు మీకు సాయం చేయదు. దాన్ని కోర్టుకి తీసుకెళ్ళాలా వద్దా లాయరునే అడగండి.

పోలీసులు వేగం కొలిచే రాడార్ గురించి కూడా ఒక మాట. దాన్ని సరిచూసిన సర్టిఫికెట్ 6 నెలల లోపుది ఉండాలి. అది లేదని కేసు కొట్టేస్తారని చాలామంది ఆశపడతారు. నా కేసులో టికెట్ రాసిన ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) దగ్గర సర్టిఫికెట్ పక్కాగా ఉంది. ఆ ఒక్కదాని మీదే భారం వేసి వెళ్ళకండి. రాడార్‌ని ముందే పసిగట్టే డిటెక్టర్ కార్లో పెట్టుకోవడం వర్జీనియాలో అసలు చట్టవిరుద్ధం, అది మరో టికెట్ తెచ్చిపెడుతుంది. ఆపినప్పుడు "ఎంత స్పీడులో వస్తున్నావో తెలుసా" అని అడుగుతారు. మీరేం చెప్తే అది ఆయన నోట్స్‌లోకి పోతుంది, కోర్టులో చదువుతారు. మర్యాదగా ఉండండి, అంకె మాత్రం మీ నోటితో చెప్పకండి.

ఇప్పుడు నిన్నటి పొద్దున సంగతి. ఇది రాస్తుంటే మళ్ళీ గొంతు పట్టేస్తోంది.

వర్జీనియాలో చాలా కోర్టు భవనాల్లోకి సెల్‌ఫోన్ రానివ్వరు. తలుపు దగ్గరే ఆపేస్తారు, దాచుకునే చోటు కూడా ఉండకపోవచ్చు. కాగితాలన్నీ ఫోన్లో పెట్టుకుని వచ్చినవాళ్ళు వట్టి చేతులతో లోపలికి పోవాల్సిందే. ఈ ముక్క ముందురోజు రాత్రి తెలిసింది. మోటెల్ ప్రింటర్ పాడైపోయింది. రాత్రి పదిన్నరకి ఆ గ్యాస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తారు. "పొద్దున ఆరున్నరకి రా. షాపు ప్రింటర్ ఉంది."

వెళ్ళేసరికి ఆవిడ నైట్ షిఫ్ట్ అయిపోయి గంట దాటింది. ఇంటికి వెళ్ళలేదు. ఒక్కో కాగితం మూడేసి కాపీలు తీశారు, జడ్జికొకటి, ట్రూపర్‌కొకటి, మనకొకటి. స్టేప్లర్ కొట్టి, పెన్సిల్‌తో పై మూలన అంకెలు వేశారు. 1 సమన్స్, 2 డ్రైవింగ్ రికార్డు, 3 స్పీడోమీటరు రిపోర్టు, 4 క్లాసు సర్టిఫికెట్, 5 కొత్త టైర్ల రసీదు. పరీక్ష అయ్యాక టైర్లు సరైన సైజుకి మార్పించానని చూపడానికి ఆ అయిదోది. "జడ్జి అడిగితే వెతుక్కోకూడదు నాయనా. నంబరు చెప్తే చెయ్యి దాని మీదికి పోవాలి." నోటరీ ముద్ర ఉన్న అసలు రిపోర్టు నలగకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టారు. లాయరు నంబరు, ఇంటి నంబరు, తన నంబరు ఒక ముక్క మీద రాసి జేబులో పెట్టారు, ఫోన్ లేకపోతే ఒక్క నంబరూ గుర్తుండదని. ఫోన్ తీసుకుని కౌంటర్ వెనక సొరుగులో పెట్టారు.

కోర్టులో లాయరు చెప్పినది చిన్నది. శుభ్రమైన రికార్డు, పొరపాటు చూపించే మీటరు, సరిచేసిన టైర్లు, పూర్తయిన క్లాసు. తప్పు తీవ్రత తక్కువని తోస్తే రెక్‌లెస్‌ను ఇంప్రాపర్ డ్రైవింగ్‌గా మార్చే విచక్షణ జడ్జికి చట్టం ఇచ్చింది. దానికి జరిమానా 500 డాలర్లు దాటదు. ట్రూపర్ అభ్యంతరం చెప్పలేదు. నాలుగు నిమిషాలు పట్టలేదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు. సొరుగులోంచి ఫోన్ తీసి ఇచ్చారు. ఛార్జింగ్ నూటికి నూరు ఉంది. "అంత దూరం పోవాలి కదా, దారిలో మ్యాప్ ఆగిపోతే ఎట్లా" అన్నారు. అక్కడ ఇక నిలవలేకపోయాను. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసేశారు. ఆ రోజు తాగిన నీళ్ళ బాటిల్‌కి కూడా ఆవిడకి సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను. అమ్మా, మీకు నమస్కారం.

ఈ దారిన పోయేవాళ్ళకి ఆ తర్వాతి పనులు కూడా చెప్తాను. తీర్పు అయ్యాక క్లర్క్ కిటికీ దగ్గరికి వెళ్ళి ముద్ర వేసిన సర్టిఫైడ్ కాపీలు కనీసం రెండు తీసుకోండి. ఏళ్ళు గడిచాక కోర్టులు పాత ఫైళ్ళు తీసేస్తాయి. గ్రీన్‌కార్డుకి వేసే ఐ-485 ఫారంలో టికెట్లు, అభియోగాల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది, వీసా స్టాంపింగ్‌కి డీఎస్-160లో అరెస్టు, శిక్షల ప్రశ్న ఉంటుంది. ఏది ఎలా రాయాలో ఇమిగ్రేషన్ లాయరుని వేరే అడగాలి, ట్రాఫిక్ లాయరుకి ఆ పని తెలియాలని లేదు. తీర్పు నచ్చకపోతే 10 రోజుల్లో సర్క్యూట్ కోర్టుకి అప్పీలు వేసుకోవచ్చు, కేసు మళ్ళీ మొదటి నుంచి వింటారు. డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల సంగతి సొంత రాష్ట్రానికి చేరుతుంది. వేరే రాష్ట్రంలో పడిన డ్రైవింగ్ తప్పుకి న్యూజెర్సీ వేసేది 2 పాయింట్లు.

ఒక్క బాధ చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను. వేగంగా వెళ్ళడం తప్పే, జరిమానా వేయండి, కడతాం. కానీ ఖాళీ ఇంటర్‌స్టేట్ మీద 70 జోన్‌లో 86 వెళ్ళినవాడినీ, తాగి బండి నడిపి మొదటిసారి దొరికినవాడినీ ఒకే క్లాస్ 1 మిస్‌డిమీనర్‌లో పెట్టడం ఏం న్యాయం? పొరుగు రాష్ట్రంవాడు పనిదినాన సెలవు పెట్టి, అయిదారు గంటలు నడుపుకుంటూ వచ్చి, జరిమానాకి రెండు మూడింతలు లాయరుకి ఇచ్చుకోవాలి. అది భరించలేనివాడు చెయ్యని నేరం కూడా ఒప్పుకుని వెళ్ళిపోతాడు. ఫోన్ తేవద్దని టికెట్ మీద ఒక్క పెద్ద అక్షరాల ముక్క వేయడానికి ఏం ఖర్చు? 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల హోదా నమోదయ్యే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేసినప్పుడు కొందరి మీద ఉన్నవి ట్రాఫిక్ కేసులే. కోర్టుల్లో దావాలు పడ్డాక వెనక్కి తిప్పారు. ఆ నెలలో మన పిల్లలు ఎంత వణికిపోయారో ఇక్కడ అందరికీ తెలుసు. వాళ్ళకి ఈ కాగితం ఉత్త టికెట్ కాదు.

లాయరు గారికి ధన్యవాదాలు. మొదటి ఫోన్లోనే నేను స్వయంగా రావాలా అక్కర్లేదా, అప్పీలుకి ఫీజు వేరేనా అన్నది తేల్చి చెప్పారు. లాయరుని పెట్టుకునేవాళ్ళు ఆ రెండూ ముందే అడగండి. ఇంట్లో మా ఆవిడ, మా అన్నయ్య, మామగారు, వీళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, టైర్ల షాపులో పరీక్ష చేసినతన్ని మర్చిపోయాను. నోటరీ కోసం పని ఆపుకుని బ్యాంకు దాకా నాతో నడిచి వచ్చాడు. ఆఫీసులో రెండు రోజులు నా ఆన్‌కాల్ డ్యూటీ తీసుకున్న తమ్ముడికి కూడా. న్యూజెర్సీ రికార్డు పోస్టులో వస్తే ఫోటో తీసి పంపి ఊరుకోక, అసలు కాగితమే రాత్రికి రాత్రి కొరియర్ చేసిన పక్కింటి అక్కకి. ఆవిడ పంపకపోతే రెండో నంబరు కాగితమే లేదు. ఇంకా, కోర్టు వరండాలో ఏ గదో తెలియక తిరుగుతుంటే గోడ మీది జాబితాలో నా పేరు వెతికిపెట్టి, క్లర్క్ దగ్గర సంతకానికి పెన్ను ఇచ్చిన తెల్లగడ్డం పెద్దాయనకి. ఆ నీలం పెన్ను నా చొక్కా జేబులోనే వచ్చేసింది.