ముద్దు కన్నా ముందు మాట

సంపాదకులకు,

చరిత్ర నేపథ్యపు ప్రేమ నవలలు ఉత్త కాలక్షేపం బఠాణీలని గతవారం ఒక పాఠకుడు రాశారు. బఠాణీలే, కాదనను. కానీ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ (1902–1974) నవల కొన్నాక, రాత్రి రెండింటి దాకా దీపం ఆర్పలేదు నేను.

కథలు నడపడానికి ఆమెకు ఇష్టమైన కాలం 1811–1820. మూడో జార్జికి మతి తప్పితే కొడుకు రాజప్రతినిధిగా ఇంగ్లండును ఏలిన రోజులవి. లండన్‌లో ఆల్మాక్స్ అనే నాట్యమందిరం గడప తొక్కాలంటే డబ్బుంటే చాలదు, పెద్దింటి ఆడవాళ్ల కమిటీ ఒప్పుకోవాలి. తీరా లోపల పెట్టేది పల్చటి రొట్టె, వెన్న, నిమ్మరసం! ఇన్ని కట్టుబాట్లున్నచోట మనసులో మాట సూటిగా అనలేరు కదా. అందుకే దెప్పుళ్లు, ఎత్తిపొడుపులు, నవ్వుతూ వేసే చురకలు. ముద్దు కోసం కాదు, కథానాయిక ఏం బదులిస్తుందో అని పేజీ తిప్పుతాం.

లోపాలు లేవా? వంటింట్లో చాకిరీ చేసేవాళ్లు దాదాపు కనిపించరు. 1950 నాటి ఓ నవలలో యూదు వడ్డీవ్యాపారిని చిత్రించిన తీరు రోత పుట్టిస్తుంది. ఆ అధ్యాయం దాటేసి చదువుతాను.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్