'వచ్చి ఉండేవాణ్ణి' అనగలిగిన పిల్లలకు ఆ ఫ్రెంచి కాలం ఎందుకు కష్టం కావాలి?

సంపాదకులకు,

ఇంటర్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకున్న మన విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు అందరికన్నా ఎక్కువ తడబడేది 'కోందిస్యోనెల్ పాసే' దగ్గర. జరిగి ఉండాల్సింది జరగలేదని, చేసి ఉంటే బాగుండేదని చెప్పే క్రియారూపం అది. చేతికి దొరికే గైడ్లు దీన్ని ఇంగ్లీషు 'వుడ్ హేవ్'తో ముడిపెట్టి రెండు లైన్లలో తేల్చేస్తున్నాయి. పిల్లల తప్పుల్లో చాలావరకు ఆ ముడిలోంచే పుడుతున్నాయి. దీన్ని తెలుగులోంచి నేరుగా నేర్పవచ్చు, నేర్పాలి కూడా. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం.

'వచ్చి ఉండేవాణ్ణి' అన్న మాటను విడదీసి చూడండి. 'వచ్చి' అసలు పని, 'ఉండేవాణ్ణి' సహాయక క్రియ. ఫ్రెంచిలోనూ ఈ రెండు ముక్కలే, వరుస మాత్రం తారుమారు. ముందు సహాయక క్రియ, వెనక పార్తిసిప్ పాసే, అంటే మన 'వచ్చి'లాంటి రూపం: జ సరే వన్యూ. పోలిక ఇంతటితో ఆగదు. 'రోజూ వచ్చేవాడు' అంటే పాత అలవాటు. 'పిలిస్తే వచ్చేవాడు' అంటే పిలవలేదు, రాలేదు. మన పల్లెల్లో 'వచ్చీవోడు' అన్నా ఇవే రెండు అర్థాలు. ఫ్రెంచి కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. పాత అలవాటును చెప్పే ఏంపార్‌ఫే కాలానికి ఏ తోకలున్నాయో, జరగని పనికీ అవే తోకలు తగిలిస్తుంది. కాకపోతే వాటిని భవిష్యత్కాలపు మొదలుకు అతికిస్తుంది.

సహాయక క్రియలు రెండే: అవ్వార్ (కలిగి ఉండడం), ఎత్ర్ (ఉండడం). అవ్వార్‌కు మొదలు ఏ-యూ-ఆర్, ఎత్ర్‌కు ఎస్-ఈ-ఆర్. తోకలు ఆరు: నేను, నువ్వు అన్నప్పుడు ఏ-ఐ-ఎస్, అతను, ఆమె అన్నప్పుడు ఏ-ఐ-టి, మేము అంటే ఐ-ఓ-ఎన్-ఎస్, మీరు అంటే ఐ-ఈ-జెడ్, వాళ్ళు అంటే ఏ-ఐ-ఈ-ఎన్-టి. పలికితే జోరే, త్యూ ఓరే, ఇల్ ఓరే, నూజోర్యోఁ, వూజోర్యే, ఇల్‌జోరే. రెండోది జ సరే, త్యూ సరే, ఇల్ సరే, నూ సర్యోఁ, వూ సర్యే, ఇల్ సరే. ఈ పన్నెండు రూపాలూ నోటికి వచ్చేదాకా ఇంకో అడుగు వేయనివ్వకూడదు. రాతలో చివరి 'ఎస్' మరిచిపోతే 'జోరే' కాస్తా భవిష్యత్కాలమైపోతుంది. చెవికి తేడా చాలా కొంచెం కాబట్టి ఇది కలం పట్టి రాస్తేనే పట్టుబడే తప్పు.

పార్తిసిప్ పాసే మామూలు క్రియలకు తేలిక. 'ఈ-ఆర్'తో ముగిసేవి చివర 'ఏ' శబ్దం తీసుకుంటాయి, మాట్లాడడం పార్లే. రాతలో 'ఆర్' పోయి 'ఈ' మీద గీత పడుతుంది. 'ఐ-ఆర్'వి 'ఇ'తో ఆగుతాయి, ముగించడం ఫిని. 'ఆర్-ఈ'వి 'యూ'తో, అమ్మడం వాఁద్యూ. ఈ 'యూ' శబ్దం మనకు లేదు. నోట్లో 'ఈ' అంటూ పెదవుల్ని 'ఊ' అన్నట్టు ముడవాలి. దారి తప్పినవాటిని బట్టీ పట్టక తప్పదు: ఫే (చేసి), వ్యూ (చూసి), ప్రీ (తీసుకుని), మీ (పెట్టి), స్యూ (తెలిసి), ప్యూ (చేయగలిగి).

ఏ క్రియకు ఏ సహాయకం? ఎక్కువవాటికి అవ్వారే. వెళ్ళడం, రావడం, చేరడం, బయల్దేరడం, పడడం, ఉండిపోవడం, పుట్టడం, చనిపోవడం లాంటి వాటికీ, తనను తానే ఉద్దేశించే క్రియలకూ ఎత్ర్. పేచీ ఉన్నవి ఆరు: మోఁతే (ఎక్కడం), దెసాఁద్ర్ (దిగడం), సోర్తీర్ (బయటికి వెళ్ళడం), రాఁత్రే (తిరిగి లోపలికి రావడం), పాసే (దాటడం), రతూర్నే (తిరిగి వెళ్ళడం). ఇవి కర్మ లేకపోతే ఎత్ర్, కర్మ ఉంటే అవ్వార్ తీసుకుంటాయి. ఈ సూత్రం విని పిల్లలు బిక్కమొహం వేస్తారు. అదే 'దిగు', 'దించు' అని చెప్పండి, వెంటనే అందుకుంటారు. ఆమె దిగి ఉండేది: ఎల్ సరే దెసాఁద్యూ. ఆమె పెట్టె దించి ఉండేది: ఎల్ ఓరే దెసాఁద్యూ లా వలీజ్. ఎక్కు, ఎక్కించు కూడా అంతే. ఒక్క చోట ఈ పోలిక మోసం చేస్తుంది. 'మెట్లు దిగింది' అన్నప్పుడు తెలుగులో 'దించింది' అనం, కాని ఫ్రెంచికి మెట్లు కర్మే కాబట్టి అవ్వార్ రావాలి. ఈ ఒక్కదాన్నీ విడిగా చెప్పి తీరాలి.

ఇక మార్కులు ఎక్కువగా పోయే చోటు లింగ వచనాలు. 'వాడు పడి ఉండేవాడు', 'ఆమె పడి ఉండేది', 'వాళ్ళు పడి ఉండేవాళ్ళు'. చూడండి, 'పడి' కదలదు, మార్పంతా సహాయక క్రియలోనే. ఫ్రెంచిలో దీనికి పూర్తిగా ఎదురు. 'సరే' ఆడా మగా చూడదు, లింగం పార్తిసిప్ మీద పడుతుంది. ఆమె అయితే చివర ఒక 'ఈ', మగవాళ్ళు పలువురైతే 'ఎస్', ఆడవాళ్ళు పలువురైతే రెండూ. తెలుగు అలవాటుతో పిల్లలు 'పడి'ని వదిలేసినట్టే దాని ఫ్రెంచి రూపం 'తోఁబే'ని మార్చకుండా వదిలేస్తారు. ఇది బద్ధకం కాదు, మాతృభాష చేయి పట్టుకుని రాయించడం. ఆ సంగతి చెబితే దిద్దుకుంటారు. చెవి కూడా సాయపడదు, ఎందుకంటే 'తోఁబే' నాలుగు రాతల్లోనూ ఒకేలా పలుకుతుంది. అందుకని మొదట తేడా వినిపించే 'మోర్', 'మోర్త్' (చనిపోయి) లాంటి జంటతో మొదలుపెట్టడం మేలు. అవ్వార్ పక్షాన కర్తతో పొత్తు లేదు, కర్మ ముందే వచ్చేస్తే దానితో ఉంది. 'నేను రాసి ఉండే ఉత్తరాలు' అన్నప్పుడు ఉత్తరాలు ముందు వస్తాయి కాబట్టి 'ఎక్రీ' (రాసి) కాస్తా 'ఎక్రీత్' అవుతుంది.

షరతు వాక్యానికి మన జిల్లా చరిత్రే మంచి ఉదాహరణ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనతో వచ్చినవాడు బుస్సీ. 'బుస్సీ రాకపోయి ఉంటే బొబ్బిలి కోట పడి ఉండేది కాదు' అనే వాక్యం ఇలా అవుతుంది: సి బుస్సీ నెతే పా వన్యూ, ల ఫోర్ ద బొబ్బిలి న సరే పా తోఁబే. 'న', 'పా' అనే రెండు ముక్కలూ సహాయక క్రియకు అటూ ఇటూ కాపలా కాస్తాయి. మన 'కాదు' వాక్యం చివర వస్తుంది గనుక పిల్లలు 'పా'ని కూడా చివరికి ఈడుస్తారు, అది తప్పు. 'ఫోర్' పుంలింగం. దాని బదులు స్త్రీలింగమైన 'సితాదెల్' (ఇదీ కోటే) వాడితే 'తోఁబే'కి ఇంకో 'ఈ' చేర్చాలి.

ఆ వాక్యంలో 'సి' (మన '-తే') పక్కనున్న క్రియలో 'ర' లేదు, రెండో సగంలో ఉంది. 'సి' ఉన్న సగంలో ప్ల్యూ-క-పార్‌ఫే, అంటే అవ్వార్, ఎత్ర్‌ల ఏంపార్‌ఫే రూపానికి (అవే, ఎతే) పార్తిసిప్ చేర్చినది, ఎదుటి సగంలోనే కోందిస్యోనెల్ (ఓరే, సరే). 'లె సీ నేమ్ పా లె రే', అంటే 'సి'లకు 'రే'లు గిట్టవు అని ఫ్రాన్సులో పిల్లలకు చెప్పే సూత్రం ఇదే. తెలుగులోనూ 'వచ్చి ఉంటే' అంటాం గాని 'వచ్చి ఉండేవాడైతే' అనం కదా! ఇక్కడ తెలుగు కాపాడుతుంది. కాని మన చేదర్థకానికి, అంటే '-తే' రూపానికి, కాలం లేదు. 'వాన కురిస్తే నాట్లు వేస్తాం', 'వాన కురిస్తే నాట్లు వేసేవాళ్ళం': రెండింటిలోనూ 'కురిస్తే' ఒకటే. ఫ్రెంచిలో మూడు మెట్లు: సిల్ ప్లో అంటే ఎదుట భవిష్యత్తు, సిల్ ప్లోవే అంటే కోందిస్యోనెల్ ప్రెజాఁ (పార్తిసిప్ లేని ఒట్టి 'రే' రూపం), సిల్ అవే ప్ల్యూ అంటే మన కోందిస్యోనెల్ పాసే. అనువదించేముందు 'కురిస్తే'ని 'కురిసి ఉంటే'గా మార్చి చూసుకోమనాలి. అర్థం చెడకపోతే మూడో మెట్టు. ఇంకో చిక్కు: 'అప్పుడు చదివి ఉంటే ఈపాటికి డాక్టరునై ఉండేవాణ్ణి' అన్నప్పుడు ఫలితం ఈరోజుది. అక్కడ పార్తిసిప్ అక్కర్లేదు, ఒట్టి 'జ సరే మెద్సేఁ' చాలు.

ఇంగ్లీషు దారి వద్దనడానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 'వెళ్ళాల్సింది' అనే మాట. ఇంగ్లీషులో 'షుడ్ హేవ్ గాన్' అని నేర్చినవాడు 'జోరే ద్యూ' (నేను చేయాల్సింది) తర్వాత 'పార్తీ' (వెళ్ళి) రాస్తాడు. అక్కడ రావాల్సింది మూలరూపం 'పార్తీర్'. తెలుగులో 'వెళ్ళి' అనకుండా 'వెళ్ళ' మీదే 'వలసింది' చేరుస్తాం. 'వెళ్ళాల్సింది', 'జోరే ద్యూ పార్తీర్' ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఈ 'ద్యూ' మీద టోపీ గుర్తు పెట్టాలి. అది ఏకవచన పుంలింగానికే, మిగతా మూడు రూపాలకూ ఉండదు.

చివరగా పత్రికలవాళ్ళకు బాగా తెలిసిన వాడుక. ఫ్రెంచి పత్రిక 'ల మినిస్త్ర్ ఓరే దెమిస్యొనే' అని రాస్తే 'మంత్రి రాజీనామా చేసి ఉండేవారు' అని కాదు, 'రాజీనామా చేసినట్టు సమాచారం' అని. ధ్రువపడని వార్తకు వాళ్ళు ఇదే కాలం వాడతారు. ఇక్కడ 'వుడ్ హేవ్' కొరగాదు. మన 'చేశారట'లోని 'అట' ఒక్కటే దానికి సరితూగుతుంది.

మీ విద్యా పేజీలో ఫ్రెంచి పాఠానికి చోటిచ్చేటప్పుడు ఆ పన్నెండు రూపాలూ, దిగు-దించు జంటలూ, 'కురిస్తే' మెట్లూ తెలుగు వాక్యాలతోనే వేయించమని మా విన్నపం.

ఇట్లు,
ఇద్దరు ఫ్రెంచి అధ్యాపకులు,
విజయనగరం