హాస్టల్లో రాత్రి మాత్ర ఎవరు వేస్తారు? సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా బాబుకు ఏడేళ్లప్పటి నుంచి ఫిట్స్. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మూడేళ్లు నిండాక వాడు పక్క తడిపిందే లేదు. ఐదో తరగతికి గురుకులం హాస్టల్లో చేర్చిన మూడో నెలలో మొదలైంది. అందరూ చూస్తుండగా పరుపు మోసుకెళ్లి డాబా మీద ఆరేయమన్నారు. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు బంద్. రాత్రి రెండింటికి లేపి బాత్‌రూమ్‌కు పంపారు. అయినా ఆగలేదు. చివరికి "తీసుకెళ్లండి, తగ్గాక పంపండి" అని ఫోన్ వచ్చింది.

ఇంటికొచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున, వాడి పక్కనే పడుకున్నాను కాబట్టి చూశాను. పళ్లు బిగిశాయి, కుడిచెయ్యి కొట్టుకుంటోంది, నోటి చివర నుంచి చొంగ. నిమిషం కూడా పట్టలేదు. పక్క తడిసిపోయింది. పొద్దున అడిగితే వాడికేమీ గుర్తులేదు, ఒళ్లు నొప్పులన్నాడు. నిద్రలో ఫిట్స్ వస్తే మూత్రం మీద అదుపు పోతుందనీ, ఒక్కోసారి బయటికి తెలిసే గుర్తు ఆ తడి ఒక్కటేననీ డాక్టర్ గారు చెప్పారు. వెంటనే ఇంకో మాట అడిగారు, రాత్రి మాత్ర రోజూ వేసుకుంటున్నాడా అని.

వేసుకోవడం లేదట. మాత్రలు నర్సమ్మ గదిలో ఉంటాయి, ఆమె సాయంత్రం తాళం వేసుకుని వెళ్తుంది. తప్పు మాదీ ఉంది. ఫిట్స్ అని చెబితే సీటు ఇవ్వరేమోనన్న టెన్షన్‌తో, అవి నరాల బలానికి మాత్రలని చెప్పి ఇచ్చాం. బలం మాత్ర ఒకపూట తప్పితే ఎవరు పట్టించుకుంటారు?

పక్క తడిపే ప్రతి పిల్లాడికీ ఫిట్స్ ఉన్నాయని నేననడం లేదు. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ ఏదైనా కావచ్చు. కొందరికి వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందే అలా చేస్తుంది, డాక్టర్ మోతాదు మారిస్తే సర్దుకుంటుంది. మనంతట మనం ఆపేస్తే మాత్రం ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇక అర్ధరాత్రి లేపడం సంగతి. నిద్ర చెడితేనే ఫిట్స్ వచ్చే పిల్లలు చాలామంది. పక్క తడపకుండా ఇచ్చే డెస్మోప్రెసిన్ వల్ల కూడా ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. వార్డెన్ మెడికల్ షాపుకు పంపి తెప్పించే మందు కాదది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తారు. ఆ జబ్బుల జాబితాలో ఫిట్స్ కూడా ఉన్నాయి. కానీ పగలు వచ్చే డాక్టర్లకు రాత్రి సంగతి ఎలా తెలుస్తుంది? పక్క తడిపిన రాత్రులు హాస్టల్లో ఒక నోటుబుక్కులో రాసి ఉంచితే వాళ్లకు చూపించొచ్చు. రాత్రి డ్యూటీలో ఉండేవారి చేతికి మందుల పెట్టె తాళం, పేర్ల చీటీ ఇప్పించండి. రెండు రబ్బరు షీట్లు కూడా. ఉతికే పని పిల్లలందరి ముందు పెట్టొద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి.

ఫిట్స్ ఉందని రాసినందుకు సీటు ఆపకూడదని కూడా అందులో చేర్చండి. ఈసారి ఇంకో హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాం. ఏమీ దాచకుండా "ఫిట్స్, రాత్రి ఎనిమిదికి మాత్ర" అని రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక తల్లి