ఎవరి గడియారం చూసి పోస్టు పెట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

సామాజిక మాధ్యమాల్లో ఏ రోజు, ఏ వేళకు పోస్టు పెడితే ఎక్కువమంది చూస్తారో చెప్పే పట్టికలు ఈమధ్య పత్రికల సాంకేతిక శీర్షికల్లోనూ, యూట్యూబ్ వీడియోల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ విరివిగా కనిపిస్తున్నాయి. నేను నారాయణపేటలో రెండు మగ్గాలున్న ఇంటి కోడలిని. మూడేళ్లుగా మా చీరలను ఫోన్ ద్వారానే అమ్ముతున్నాను. అటువంటి పట్టిక ఒకదాన్ని నమ్మి ఒక గిరాకీ కాలమంతా పోగొట్టుకున్నాం కనుక, ఆ అనుభవాన్ని మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు మా వాడలోని కొన్ని నేత కుటుంబాల ఆడవాళ్లం తలా వెయ్యి రూపాయలు కట్టి రెండు రోజుల శిక్షణకు వెళ్లాం. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 10 గంటలకు పోస్టు పెట్టాలని, ఆదివారం జోలికే పోవద్దని రాసి ఉన్న కాగితాన్ని అక్కడ అందరికీ పంచారు. దాన్ని గోడకు అంటించుకుని రెండు నెలలు పొల్లుపోకుండా పాటించాం. బుధవారం పొద్దున పది గంటలకు మా చీర కట్టే మనిషి నాట్ల కాలమైతే పొలంలో వంగి ఉంటుంది, ఉద్యోగస్తురాలైతే బడిలో పాఠం చెబుతూనో బ్యాంకు కౌంటర్‌లో నోట్లు లెక్కపెడుతూనో ఉంటుంది. ఆ సంగతి మాకు తట్టకపోవడం మా తెలివితక్కువే. ఇంటర్ చదివే మా అమ్మాయి ఒకరోజు ఆ కాగితం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ‘ఈఎస్‌టీ’ అనే మాటను చూపించి, ఇది అమెరికా తూర్పు తీరం వేళ అని చెప్పింది. అక్కడి ఉదయం 10 అంటే మనకు రాత్రి 8:30, వాళ్లు గడియారాన్ని ముందుకు జరుపుకునే నెలల్లో 7:30.

వేళను మన లెక్కలోకి మార్చుకుంటే సరిపోతుంది కదా అని అప్పుడు కొందరన్నారు, కానీ ఆ పట్టిక ఏ దేశంలో ఎవరు ఫోన్ తీసే వేళలను లెక్కగట్టి తయారైందో, మన చీర అక్కడివాళ్లు కొనేదైతేనే ఆ మార్పు పనికొస్తుంది. మాకు డాలస్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు నలుగురైదుగురు గిరాకీలుగా ఉన్నారు. వాళ్ల కోసమైతే మన ఉదయం 7 గంటలకు పెట్టడం మేలు, ఎందుకంటే అక్కడ అప్పుడు ముందురోజు రాత్రి, ఏడున్నరో ఎనిమిదిన్నరో అయి ఉంటుంది. మిగతావాళ్లంతా మహబూబ్‌నగర్, హైదరాబాద్, రాయచూరు, షోలాపూర్ వైపు ఉన్నవాళ్లు. వాళ్ల రోజు ఎలా నడుస్తుందో వాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

ఈ పట్టికల మోజు పాత రోజుల నుంచి మిగిలిందని నా అనుమానం. 2016కు ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు పెట్టిన వరుసలోనే కనిపించేవి. కాబట్టి జనం ఫోన్ తీసే వేళకు మన పోస్టు పైన ఉండటమే పెద్ద లాభం. ఆ ఏడాది నుంచి ఎవరికి ఏది ముందు చూపాలో ఆ సంస్థే లెక్కగట్టి వరుస మార్చడం మొదలుపెట్టింది. ఎప్పుడు పెట్టారన్నది ఇప్పటికీ ఆ లెక్కలో ఉంది గానీ, ఎంతమంది స్పందించారు, చూసేవారికీ పెట్టినవారికీ అంతకుముందు ఎంత రాకపోకలున్నాయి అన్నవి కూడా దాంతోపాటు ఉంటాయి. యూట్యూబ్ అయితే, వీడియో పెట్టిన వేళ దాని దీర్ఘకాల ఆదరణపై నేరుగా ప్రభావం చూపుతుందన్న దాఖలా లేదని తన సహాయ పుటల్లో తానే రాసుకుంది. ఇంత మారిన తర్వాత కూడా లోకానికంతటికీ ఒకే ముహూర్తం పెట్టడంలో అర్థం లేదు.

ఆ కాగితాన్ని గోడ నుంచి పీకేసిన తర్వాత మేము చేసిన పని చాలా మామూలుది. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఖాతాను పైసా ఖర్చు లేకుండా వ్యాపార ఖాతాగా మార్చుకోవచ్చు. అనుసరించేవాళ్లు కనీసం వంద మంది ఉంటే, వాళ్లు ఏ రోజు, ఏ గంటలో ఎక్కువగా ఫోన్‌లో ఉంటున్నారో ‘ఇన్‌సైట్స్’ అనే చోట గీతల బొమ్మగా కనిపిస్తుంది. మా బొమ్మలో రాత్రి తొమ్మిది గంటల గీత అన్నింటికంటే పొడవుగా ఉంది. సంబరపడి నెలరోజులు రాత్రి తొమ్మిదికే పెట్టాం. లైకులు బాగానే వచ్చాయి, చీరలు మాత్రం కదలలేదు. ఆ లైకులు ఎవరివని ఒక్కొక్కటే తీసి చూస్తే, సగానికి సగం మా వీధిలో మగ్గాలున్నవాళ్లవే, కొత్త అంచు ఏం దించామో చూసిపోవడానికి వచ్చినవాళ్లవే! వాళ్లను తప్పుపట్టలేను, నేనూ వాళ్లవి అలాగే చూస్తాను.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. పోస్టు పెట్టిన రోజు, వేళ, రేటెంతని అడిగినవాళ్లు ఎందరు, డబ్బు పంపినవాళ్లు ఎందరు అని మాత్రమే అందులో రాస్తాను. మూడు నెలల రాతలో తేలిందేమిటంటే, కొనేవాళ్లలో ఎక్కువమంది మధ్యాహ్నం 12:30 నుంచి 2 గంటల మధ్య అడిగినవాళ్లు. వాళ్లలో బడిపంతులమ్మలు, ఆస్పత్రి నర్సులు ఎక్కువ. టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని నలుగురూ కలిసి ఒకే ఫోన్‌లో చీర చూసి, ఒకరికొకరు చెప్పుకుని కొంటారు. పట్టిక వద్దన్న ఆదివారం సాయంత్రం కూడా మాకు మంచి వేళగానే తేలింది.

ఇంకొక సంగతి ఏ శిక్షణలోనూ నాకు వినబడలేదు. పోస్టు పెట్టిన తర్వాత మొదటి గంట మనం ఫోన్ దగ్గర ఉండగలమా అన్నది ముందు చూసుకోవాలి. మా ఇంట్లో పొద్దున నేను కండెలు చుడతాను, చేతులు ఖాళీ ఉండవు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే నిద్రకు ఆగలేను. ఒకసారి రాత్రి పెట్టిన ఎర్ర గళ్ల చీరకు పన్నెండు మంది ధర అడిగారు. తెల్లవారి ఐదున్నరకు లేచి జవాబిస్తే ఇద్దరు మాత్రమే పలికారు, మిగతావాళ్లు అప్పటికే ఇంకెక్కడో చూసుకున్నారు. అదే చీరను వారం తర్వాత పన్నెండున్నరకు పెట్టి, అన్నం తింటూ ఎడమచేత్తో జవాబులిస్తూ అరగంటలో అమ్మాను. ఫోటోలు మాత్రం పొద్దుటి ఎండలోనే తీస్తాను, ట్యూబులైటు కింద వంకాయ రంగు నల్లగా కనిపించి చీర తిరిగొచ్చిన అనుభవం ఉంది. తీసిన ఫోటోను ఇచ్చిన వేళకు తనంతట తానే వెళ్లేలా పెట్టుకునే ఏర్పాటు, ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థే ఇచ్చే ‘మెటా బిజినెస్ సూట్’ అనే యాప్‌లో ఉచితంగానే ఉంది.

మా దగ్గర ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు దారాల మీద, ఎనిమిది చీరలు నేయడం పాత రివాజు. మొదట్లో ఎనిమిదీ మగ్గం దిగగానే పది నిమిషాల్లో ఎనిమిది పోస్టులు పెట్టేదాన్ని, చూసేవాళ్లకు మొదటి రెండింటితోనే విసుగు పుట్టేది. ఇప్పుడు రోజు విడిచి రోజు ఒకటి చొప్పున పెడుతున్నాను.

అయితే గంటల లెక్క కంటే నెలల లెక్క చీరల వ్యాపారానికి ఎన్నో రెట్లు పెద్దదని నా అభిప్రాయం. మూఢంలో పెళ్లిచీర పోస్టు ఏ వేళకు పెట్టినా పలికేవాళ్లు తక్కువ, మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యే ముందు పదిహేను రోజులు ఏ వేళకు పెట్టినా అడుగుతారు. బతుకమ్మకు కట్టే చీరను పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి పెడితే ఆలస్యమైనట్టే. చీర కొరియర్‌లో చేరాలి, ఫాల్ కుట్టి పికో వేయించాలి, జాకెట్ కుట్టించాలి. మా సందులోని టైలరమ్మ బతుకమ్మకు ఇరవై రోజుల ముందే కొత్త జాకెట్లు తీసుకోనని బోర్డు పెడుతుంది. ఆ బోర్డు కంటే వారం ముందు మా పోస్టులు అయిపోవాలని ఇప్పుడు ఏటా లెక్క వేసుకుంటున్నాం. జీతాలు పడే ఒకటో తేదీ నుంచి ఐదో తేదీ వరకు ఖరీదైన చీరలు, నెలాఖరులో నూలు చీరలు పెట్టడం కూడా ఆ నోటుబుక్కు చూసి నేర్చుకున్నదే.

వాట్సాప్ సంగతి వేరు. స్టేటస్ 24 గంటలు ఉంటుంది కనుక వేళ గురించి అంత ఆరాటపడనక్కర్లేదు. ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చుకున్నా, మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే చీర ప్యాకెట్‌తో పాటు మా నంబరు రాసిన చీటీ పెట్టి, సేవ్ చేసుకోమని అడుగుతున్నాం.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. ఇకపై అటువంటి పట్టికలు అచ్చువేసేటప్పుడు, ఆ వేళలు ఏ దేశపువో, ఏ రకం ఖాతాలను లెక్కించి తీసినవో పట్టిక పక్కనే అందరికీ కనబడే అక్షరాల్లో రాయండి. ఆ వివరం దొరకని పట్టికను వేయకపోవడమే మంచిది. అలాగే నేతగాళ్లకు, మామిడి, బత్తాయి రైతులకు ఫోన్ అమ్మకాలపై శిక్షణ ఇచ్చే ప్రభుత్వ శాఖలు, అచ్చు కాగితాలు పంచే బదులు ఎవరి ఖాతా లెక్కలను వారిచేతనే తెరిపించి, తెలుగులో చదివించి చూపాలని కోరుతున్నాను. మా పదిహేను ఇళ్ల వాడలో ఇన్‌సైట్స్ తెరవడం ఈ రోజుకు నలుగురికే వచ్చు.

ఇది రాస్తున్న వేళకు ఆషాఢం సగం దాటింది. పట్నం దుకాణాల్లో తగ్గింపు అమ్మకాలు నడుస్తున్నందున మేము పోస్టులు తగ్గించాం. మగ్గం మీద ఉన్న పడుగు శ్రావణానిది, అందులో ఐదు చీరలు దిగాయి, మూడు మిగిలాయి. వరలక్ష్మీ వ్రతానికి మూడు వారాల ముందు, మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటిది పెడతాను.

ఇట్లు,
ఒక నేత కుటుంబపు గృహిణి,
నారాయణపేట