గాలి గన్నుతో పాటు తెలుగు సూచనల కాగితం ఇవ్వాలి

సంపాదకుల వారికి,

ఆర్యా,

విజయనగరంలో ఇరవై ఏళ్లకు పైగా సోఫాలకు, కుర్చీలకు రెక్సిన్, గుడ్డ మార్చే పని చేస్తున్నాను. ఒకప్పుడు సుత్తి, చిన్న మేకులతో రోజంతా పట్టిన పనిని గుడ్డను చట్రానికి పిన్నులతో బిగించే, కంప్రెసర్ గాలితో నడిచే పిన్ గన్ను ఇప్పుడు ఒక పూటలో ముగిస్తోంది. మా చుట్టుపక్కల చిన్న దుకాణాల్లోకీ ఇది వచ్చేసింది గానీ, దాన్ని ఎలా బిగించాలో, ఎలా వాడాలో చెప్పే మాట మాత్రం దానితో రాలేదు.

గత ఏడాది సిరిమానోత్సవానికి ముందు, చేతినిండా పని ఉన్న రోజుల్లో, మా గన్ను ముక్కులో పిన్ను ఇరుక్కుంది. పని నేర్చుకుంటున్న కుర్రవాడు నేను చెప్పినట్టే గాలి వాల్వు మూసి, పైపు ఊడదీసి, గన్నును ఒళ్లో పెట్టుకుని స్క్రూడ్రైవరుతో పిన్నును కదపబోయాడు. అంతలో వేలు ట్రిగ్గరుకు తగలడంతో, పైపు లేని ఆ గన్ను పేలి పిన్ను అతని ఎడమ బొటనవేలి మొదట్లో దిగిపోయింది. దాన్ని ఆసుపత్రిలోనే తీయించాం. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా మడవలేకపోతున్నాడు.

తప్పు అతనిది కాదు, నాది. గాలిని ఆపే కప్లరు పైపు చివర ఉండాలి, గన్నుకు ఉత్త గొట్టంలాంటి నిపుల్ మాత్రమే ఉండాలి. నేను తెలియక వాటిని తారుమారు చేసి బిగించాను. అందువల్ల పైపు తీసినా గన్ను పిడిలో గాలి నిలిచిపోయి, ఒక పిన్నును కొట్టేంత బలం మిగిలింది. సరిగా బిగించిన గన్ను పైపు తీయగానే తుస్సుమని ఖాళీ అవుతుంది. ఆ శబ్దం వినబడకపోతే దాన్ని ముట్టుకోకూడదని నాకు ఆ తరువాతే తెలిసింది.

ఒత్తిడి విషయంలోనూ ఇదే అజ్ఞానం. గన్ను మీద గరిష్ఠ ఒత్తిడి ఎంతో ముద్రించి ఉంటుంది, దాన్ని ఎన్నడూ దాటకూడదు. చాలా దుకాణాల్లో ఒత్తిడిని పెంచే, తగ్గించే రెగ్యులేటరును చివరిదాకా తిప్పి వదిలేస్తారు. మెత్తని కర్ర మీద గుడ్డ కొట్టడానికి నాకు 60, 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతోంది, టేకు చట్రానికి కొంచెం పెంచుతాను. తక్కువతో మొదలుపెట్టి, పిన్ను నడుము, అంటే రెండు కాళ్ల మధ్య అడ్డంగా ఉండే భాగం, గుడ్డకు సమంగా ఆనేదాకా మెల్లగా పెంచడమే పద్ధతి. ఎక్కువైతే రెక్సిన్ తెగుతుంది, పలచని ప్లైవుడ్ అయితే పిన్ను అవతలికి దూసుకువెళ్తుంది. మన పనిలో గుడ్డను లాగి పట్టుకునే ఎడమచెయ్యి ఎప్పుడూ గన్ను దగ్గరే ఉంటుంది కాబట్టి, కనీసం జానెడు దూరం పాటించాలి. పాత సోఫాల చట్రాల్లో మిగిలిపోయిన మేకులకు తగిలి పిన్నులు ఎగిరివస్తాయి కనుక కళ్లద్దాలు తప్పనిసరి.

మరొకటి మరీ భయంకరమైనది. కరెంటు లేదని పక్క వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి గన్నుకు తగిలిద్దామని ఒకాయన అనగా విన్నాను. గన్నులో నూనె ఉంటుంది, దానికి ఆక్సిజన్ తగిలితే బాంబులా పేలే ప్రమాదం ఉంది. గన్నుకు కంప్రెసర్ గాలి తప్ప మరే గ్యాసూ పనికిరాదు. ఆ కంప్రెసరు ట్యాంకు అడుగున చేరే నీటిని కూడా ఏ రోజుకారోజు వదిలేయాలి, లేకపోతే లోపల తుప్పు పట్టి ట్యాంకు బలహీనపడుతుంది.

ఇవన్నీ గన్నుతో వచ్చే పుస్తకంలో ఉండవచ్చు. కానీ నా గన్నుతో వచ్చిన పుస్తకంలో చీమతలంత ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. మా దగ్గర పనికి వచ్చే పిల్లలు ఎక్కువమంది ఏడో, ఎనిమిదో తరగతితో బడి మానినవారు. కనుక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గన్నులు అమ్మే వ్యాపారులు, కప్లరు ఏ వైపు ఉండాలో బొమ్మతో చూపే ఒక్క పేజీ తెలుగు కాగితాన్ని ప్రతి గన్నుతోనూ ఇవ్వాలని, కొన్నవారి ఎదుట ఒకసారి బిగించి చూపాలని కోరుతున్నాను. ఐటీఐలలో వడ్రంగం నేర్పే బోధకులు సాయంత్రం వేళల్లో ఒక గంట మావంటి వారికి కేటాయిస్తే, మా దుకాణం మూసి కుర్రవాళ్లందరినీ వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక సోఫా పనివాడు,
విజయనగరం.