సెప్టిక్ ట్యాంక్ బుకింగులు ఎందుకు ఆపామంటే

బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు ఉన్న మా పాత కస్టమర్లందరికీ నమస్కారం. కుళాయి కనెక్షన్లు, డ్రైనేజీ లైన్ల పనులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. సెప్టిక్ ట్యాంకుల పని మాత్రం 20 రోజులుగా ఆపేశాం. బండి రిపేరులో ఉందని మా కుర్రాళ్లు మీలో కొందరికి ఫోన్లో చెప్పారు. అది అబద్ధం. అలా చెప్పమన్నది నేనే, క్షమించండి.

మాకు సొంత బండి లేదు. 6 ఏళ్లుగా ఒకే ఓనరు బండిని మాట్లాడి మీ ఇళ్లకు పంపుతున్నాను. ఇక్కడ సెప్టిక్ ట్యాంకు తోడే బండికి హైదరాబాద్ నీళ్లు, మురుగు పనులు చూసే జలమండలి లైసెన్సు ఉండాలి. తోడిన లోడును చెప్పిన మురుగు శుద్ధి కేంద్రంలోనే దించాలి. ఆ ఓనరు ఇచ్చిన లైసెన్సు జిరాక్సు మీద నా స్టాంపు వేసి, బిల్లుతో కలిపి పిన్ను కొట్టి మీ అసోసియేషన్ ఫైళ్లలో పెట్టాను.

పోయిన నెల ఒక అపార్ట్‌మెంటు నుంచి మొదటి ట్రిప్పు తీసుకెళ్లిన బండి 40 నిమిషాల్లో తిరిగొచ్చింది. ప్లాంటు దాకా వెళ్లి, లైన్లో నిలబడి, దించి రావాలంటే 2 గంటలకు తక్కువ పట్టదు. డ్రైవరును అడిగితే "ఇవాళ ట్రాఫిక్ లేదన్నా" అన్నాడు. రెండో ట్రిప్పు వెనకాలే బైకు మీద వెళ్లాను. నాలా పక్క సందులో బండి ఆపి, పైపు కిందికి జార్చి, వాల్వు తిప్పాడు. మీరు డబ్బులిచ్చి తోడించిన లోడు, నా పేరు మీద తీసిన లోడు, మూసీలో కలిసే నాలాలోకి పోతోంది. అక్కడే నిలబడి లైసెన్సు కాపీ తీసి నంబరు ప్లేటుతో పోల్చాను. చివరి అంకె వేరు. లైసెన్సు ఉన్నది ఆయన ఇంకో బండికి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. ఆ తప్పు నాది.

ఓనరును నిలదీస్తే "మీ కస్టమర్లు ఎవరైనా అడిగారా?" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అడగనిది నా మీద నమ్మకంతో కదా!

అప్పటికి చేతిలో 11 బుకింగులున్నాయి. అందులో ఒకరింట్లో పెద్దకర్మ. ట్యాంకు నిండి బాత్రూంలోకి ఎగదన్నుతోంది, 4 రోజుల్లో చుట్టాలు దిగుతారు. ఆ అక్క నా మొదటి కస్టమర్లలో ఒకరు. ఈ ఒక్కసారికి పాత బండినే పంపేద్దామా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఓనరుకు ఫోన్ కలిపి, రింగవుతుండగానే కట్ చేశాను. పంపలేదు. సెప్టిక్ ట్యాంకుల హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయమని అక్కకు చెప్పాను. "ఇన్నేళ్ల పరిచయానికి నువ్విచ్చే విలువ ఇదా?" అంది. కర్మకు ముందురోజు వేరే బండి వచ్చి తోడింది. అక్క ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ అలాంటి పరిస్థితే వచ్చినా ఆ బండిని పంపను.

ఒకటో తారీఖు నుంచి కొత్త బండి వస్తుంది. మూత తీయకముందే డ్రైవరు ఒరిజినల్ లైసెన్సు చూపిస్తాడు, నంబరు మీరే చూసుకోండి. ప్లాంటులో దించుతున్న ఫోటో మీ వాట్సాప్‌కు వస్తుంది. ట్రిప్పుకు 600 రూపాయలు పెరుగుతుంది, తగ్గించలేను.

అడుగున గట్టిపడిన మడ్డికి మనిషిని దింపమని కొందరు అడుగుతుంటారు. దింపను. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపితే, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు సంగతి అటుంచండి. లోపలి గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి పైకి రాడు.

మీ ఫైళ్లలో నా స్టాంపుతో ఉన్న ఆ జిరాక్సులు వెనక్కి తీసుకోవడానికి ఈ ఆదివారం నుంచి నేనే ఇంటింటికీ వస్తున్నాను. తీసి ఉంచండి.