తెర మీది బొమ్మ హోలోగ్రామ్ కాదు

సంపాదకులకు,

గాల్లో తేలినట్టు కనిపించే ప్రతి బొమ్మనూ మన పత్రికలు హోలోగ్రామ్ అనేస్తున్నాయి. 2022 జనవరి 23న ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర వెలిగిన 28 అడుగుల నేతాజీ రూపాన్నీ అలాగే రాశారు. అది 30 వేల ల్యూమెన్ల ప్రొజెక్టర్ పారదర్శక తెర మీద వేసిన బొమ్మ. వేదిక మీద వాలుగా కట్టిన పలుచని పొరలో మనిషి ప్రత్యక్షమయ్యే ప్రదర్శన 1862 నాటి పెప్పర్స్ ఘోస్ట్ పద్ధతి. అవి చూడముచ్చటైనవే, కాదనం. కానీ అవి వేరే మాధ్యమం.

అసలు హోలోగ్రామ్‌లో ఉండేవి సన్నటి చారలు. వస్తువుకు తగిలి తిరిగొచ్చిన లేజర్ కాంతి, నేరుగా వచ్చిన కాంతితో కలిసినచోట అవి ఏర్పడతాయి. తల పక్కకు జరిపితే ముందున్న వస్తువు చాటున దాగింది బయటపడుతుంది. శాస్త్రవేత్త డెనిస్ గాబర్ 1947లో ఈ సూత్రం కనిపెట్టాడు. లేజర్ వచ్చాకే అది కళాకారుల చేతికి అందింది. బ్రిటన్‌లో మార్గరెట్ బెన్యన్ 1968లో మొదలుపెట్టారు. అదే ఏడాది అమెరికాలో బ్రూస్ నౌమన్ తన ముఖాన్నే లాగి, నొక్కి హోలోగ్రామ్‌లు చేశాడు. బతికున్న ముఖం కదలకుండా ఉండదు గనక వాటికి రెప్పపాటు కన్నా ఎన్నో రెట్లు తక్కువసేపు మెరిసే పల్స్ లేజర్ వాడాల్సి వచ్చింది.

కదలని వస్తువుకైతే అంత ఖర్చు అక్కర్లేదు. ఒకే కిరణం ప్లేటు గుండా వెళ్లి వస్తువుకు తగిలి తిరిగొచ్చే పద్ధతి ఒకటుంది, సోవియట్ శాస్త్రవేత్త డెనిస్యుక్‌ది. దానికి లెన్సు తీసేసిన 5 మిల్లీవాట్ల ఎర్ర లేజర్ డయోడ్ చాలు. ఆ డయోడ్‌ను ముందుగా ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా వెలిగించి ఉంచాలి, చల్లగా ఉన్నప్పుడు తరంగదైర్ఘ్యం గెంతులేస్తుంది. గవ్వ, నాణెం, పింగాణీ బొమ్మ బాగా వస్తాయి. ఆకు, గుడ్డ రావు. మసక ఆకుపచ్చ దీపం వెలుగులో హోలోగ్రఫీ గాజు ప్లేటును వస్తువుకు ఆనించాలి, ఎమల్షన్ (కాంతిని పట్టే జెలటిన్ పూత) ఉన్న వైపు వస్తువుకేసి ఉండాలి. తడి వేలిని ఓ మూల తాకిస్తే అతుక్కునేదే ఆ వైపు. లేజర్‌కు 40 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. ఫ్యాను, ఏసీ ఆపి, నాలుగైదు నిమిషాలు ఆగి, లేజర్‌కు అడ్డుపెట్టిన అట్టను ముందు బల్లకు ఆనకుండా కొద్దిగా ఎత్తాలి. ఆ కుదుపూ సర్దుకున్నాకే పూర్తిగా తీయాలి. ప్లేటు రకాన్ని బట్టి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా కాంతి పడనివ్వాలి.

వస్తువు 160 నానోమీటర్లు, అంటే తరంగంలో నాలుగో వంతు, వెనక్కి జరిగినా చారలు చెరిగిపోతాయి. ఊగితే బొమ్మ మీద నల్లటి పట్టీలు పడతాయి. డెవలపర్, బ్లీచ్ అనే రసాయనాల్లో కడగడం అయ్యాక తడి ప్లేటులో ఏమీ కనిపించదు. నీళ్లు పీల్చిన జెలటిన్ ఉబ్బి చారల మధ్య దూరం పెరుగుతుంది, ప్లేటు వెనక్కి పంపేది కంటికి ఆనని పరారుణ కాంతి. చెడిపోయిందనుకుని చాలామంది ఇక్కడే పారేస్తారు. హెయిర్ డ్రయ్యర్‌తో ఊదితే ఎరుపు, పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ దాకా మారుతూ బొమ్మ పైకొస్తుంది. మన తీరప్రాంతపు తేమలో దీనికి ఓపిక కావాలి.

చివరికి ప్రదర్శనలోనే ఎక్కువ పనులు చెడతాయి. ట్యూబులైటు కింద హోలోగ్రామ్ అలికినట్టవుతుంది. రెండు స్పాట్‌లైట్లు పెడితే రెండు బొమ్మలు ఒకదాని మీదొకటి పడతాయి. ఒక్కటే చిన్న దీపం, హాలోజెనో ఒకే చిప్ ఎల్ఈడీనో, తీసేటప్పుడు లేజర్ ఏ కోణంలో పడిందో ఆ కోణంలోనే పడాలి. మామూలుగా అది పైనుంచి 45 డిగ్రీలు. ప్లేటు వెనక నల్ల రంగు వేస్తే లోతు తెలుస్తుంది. గోడ మీద మేకు కొట్టేముందే గ్యాలరీలు ఈ దీపం సంగతి తేల్చుకోవాలి.

మీ ఫొటోగ్రాఫర్లకు ఒక్క మనవి. ఫ్లాష్ వద్దు. ఒకటి కాస్త ఎడమ నుంచి, ఒకటి కాస్త కుడి నుంచి తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన అచ్చువేయండి. గవ్వ నోరు ఒకదానిలో ఎక్కువగా, రెండోదానిలో తక్కువగా కనిపిస్తే, బొమ్మకు లోతు ఉన్నట్టు పాఠకులకు తెలుస్తుంది.

ఇట్లు,
హోలోగ్రఫీ సాధన చేసే పాఠకులు